చేతి గుడ్డా, తిరిగే ప్యాడా

కారు పెయింటు మీద చివరి పూతగా వేసే వ్యాక్స్‌ను మెషీన్‌తో పట్టించాలా, చేత్తో పట్టించాలా అన్నది చూడ్డానికి చిన్న ప్రశ్న. ముషీరాబాద్ చౌరస్తా నుంచి విద్యానగర్ మీదుగా తార్నాక దాకా షాపుల్లో అడుగుతూ పోతే మాత్రం చోటుకొక జవాబు వస్తుంది. మెషీన్ వేడికే వ్యాక్స్ పెయింటులోకి ఇంకుతుందని ఒకరంటారు. మెషీన్ పెడితే బండి పాడైపోతుందని ఇంకొకరంటారు. చేత్తో చేస్తే అసలు మెరుపే రాదని మరొకరి మాట. అందరూ తమ అనుభవం నుంచే మాట్లాడుతున్నారు, అబద్ధం ఎవరూ ఆడడం లేదు. వాళ్ల చేతుల్లోని డబ్బాలు వేరు, మెషీన్లు వేరు, వాళ్లు చూసిన బండ్లు వేరు. వాదన తెగకపోవడానికి కారణం అదే. డబ్బాలో ఏముంది, కింద పెయింటు ఎలాంటిది, దాని మీద అప్పటికే ఏం పేరుకుంది అన్న మూడు సంగతులు తేలితే మెషీన్ సంగతి దానంతటదే తేలుతుందని నా నమ్మకం.

ముందు పెయింటు చూద్దాం. చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న 1912 నాటి రోల్స్ రాయిస్, నిజాం కోసం చేయించిన పసుపుపచ్చ కారు, గుర్రపు బగ్గీలకు రంగులు వేసిన పద్ధతులు ఇంకా నడుస్తున్న కాలానిది. ఆ రోజుల్లో కారుకు కుంచెతో వార్నిష్ పొర మీద పొర వేసి, ఒక్కోటి ఆరేదాకా ఆగేవారు. రంగు పూర్తి కావడానికి వారాలు పట్టేది. 1920లలో అమెరికాలో నైట్రోసెల్యులోజ్ లక్క వచ్చాక ఆ ఎదురుచూపు తగ్గింది. మన రోడ్ల మీద అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినిలు తిరిగిన దశాబ్దాల్లో రంగూ మెరుపూ ఒకే పొరలో ఉండేవి. ఎండకు ఆ పొర పైభాగం సున్నం కొట్టినట్టు తెల్లబారేది. పెయింటర్ రబ్బింగ్ కంపౌండ్ వేసి రుద్దితే చచ్చిన పొర లేచిపోయి కింది రంగు తాజాగా బయటపడేది, గుడ్డ నిండా కారు రంగు అంటుకునేది. ఆ గుడ్డ చూసి మేస్త్రీ ఎంత రుద్దాలో, ఎక్కడ ఆపాలో తెలుసుకునేవాడు. పెయింటు కూడా మందంగా ఉండేది కాబట్టి రెండు మూడేళ్లకొకసారి రుద్దినా తట్టుకునేది. పాతబడిన బండికి కొత్త కళ తెచ్చే ఆ నేర్పును తక్కువ చేయడానికి లేదు.

మారుతి 1983 డిసెంబరులో వచ్చింది. తర్వాతి ఏళ్లలో మెటాలిక్ రంగులు పెరిగాయి, వాటితోపాటు రంగు మీద పారదర్శకమైన ఇంకో పొర వచ్చింది. దాన్ని షాపుల్లో క్లియర్ అనే అంటారు. ఇప్పటి కారులో రేకు మీద తుప్పు పట్టకుండా విద్యుత్తుతో పట్టించే పూత, దాని మీద ప్రైమర్, రంగు, పైన క్లియర్ ఉంటాయి. అన్నీ కలిపినా సాధారణంగా 100 నుంచి 140 మైక్రాన్లకు మించవు. అందులో క్లియర్ వాటా 35 నుంచి 50. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లని గుర్తు చేసుకుంటే ఇది ఎంత పలుచనో అర్థమవుతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలను ఆపే రసాయనాలు ఈ క్లియర్‌లోనే ఉంటాయి. ఇందులో ఏడెనిమిది మైక్రాన్లకు మించి అరిగితే ముందుముందు పొర లేచిపోయే ప్రమాదం ఉందని పని తెలిసినవాళ్లు లెక్క పెట్టుకుంటారు. మన దగ్గర పదేళ్లు నిండిన కార్ల టాపు మీదా బానెట్ మీదా తెల్ల మచ్చలు పొలుసుల్లా లేచి కనిపించేది ఈ క్లియర్ పోయిన చోటే.

చిక్కంతా ఇక్కడే ఉంది. క్లియర్‌కు రంగు లేదు. దాన్ని ఎంత అరగదీసినా గుడ్డకు ఏ రంగూ అంటదు. పాత మేస్త్రీకి హెచ్చరికగా పనిచేసిన గుర్తు ఈ కాలపు కారు మీద కనిపించదు. కొన్ని మామూలు తెల్ల రంగు బండ్లకు ఇప్పటికీ క్లియర్ ఉండకపోవచ్చు, వాటి సంగతి వేరు. మూలన ఒకచోట కొద్దిగా రుద్ది గుడ్డ చూసుకుంటే ఏది ఏదో తెలిసిపోతుంది. మిగతా వాటికి మందం కొలిచే చిన్న మీటరు తప్ప వేరే దారి లేదు. అది లేకుండా ఏటా రుద్దుతూ పోయే షాపు కస్టమరు ఆస్తిని గుడ్డిగా ఖర్చు పెడుతున్నట్టే.

ఇప్పుడు డబ్బా. ఫినిషింగ్ వ్యాక్స్ అంటే రాపిడి పొడి ఏమాత్రం లేనిది. ఈశాన్య బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే కార్నౌబా మైనం గానీ, ఫ్యాక్టరీలో తయారైన పాలిమర్ గానీ, రెండూ కలిపిందిగానీ అందులో ఉంటుంది. ఆ మైనాన్ని మెత్తబరచడానికి పెట్రోలియం ద్రావకం కలుపుతారు. పట్టించాక ద్రావకం ఆవిరైపోతుంది, మైనం మిగులుతుంది. తుడిచాక నిలిచే పొర ఒక మైక్రాను కూడా ఉండదు. ఉల్లిపాయ చెక్కతో పెనానికి నూనె పులిమినంత పలుచన. ఒకసారి నిండుగా పరుచుకున్నాక ఇంకా రాస్తే ఇంకా అంటుకోదు. రాసినదంతా గుడ్డకే వస్తుంది, డబ్బా ఖాళీ అవుతుంది.

‘క్లీనర్ వ్యాక్స్’, ‘వన్ స్టెప్’, ‘పాలిష్ అండ్ వ్యాక్స్’ అని రాసి ఉన్న డబ్బాలు ఇంకో జాతివి. వాటిలో సన్నని రాపిడి పొడో మురికి తీసే రసాయనమో కలిసి ఉంటుంది. అవి పనికిరానివని చెప్పను. మురికి పట్టిన మామూలు బండికి ఏడాదికి ఒకసారి చేత్తో వాడితే అవి మంచి పనే చేస్తాయి. కానీ అదే డబ్బా ఉన్ని ప్యాడ్ తగిలించిన రోటరీ మెషీన్ కిందకు వెళితే జరిగేది వ్యాక్స్ పట్టించడం కాదు, క్లియర్‌ను కోయడం. ‘మెషీన్‌తో వ్యాక్స్ వేయిస్తే బండి అద్దంలా వచ్చింది’ అని చెప్పేవాళ్ల బండ్లకు చాలావరకు జరిగింది ఇదే. ఆ మెరుపు వ్యాక్స్‌ది కాదు. గీతల అంచులు అరిగి ఉపరితలం చదునైంది, వెలుతురు చెదరకుండా తిరిగి వస్తోంది. ‘మెషీన్ పెడితే బండి పోయింది’ అనేవాళ్ల అనుభవం కూడా ఈ పనిలోంచే పుట్టింది, ఇంకాస్త ఎక్కువ సేపు రుద్దడం వల్ల. మెషీన్‌ను మెచ్చుకునేవారూ తిట్టేవారూ ఒకే పని చూసి మాట్లాడుతున్నారన్నమాట. దాని పేరు వ్యాక్స్ కాదు, పాలిషింగ్.

మెషీన్లలోనూ తేడాలున్నాయి. రోటరీ అంటే ప్యాడ్ ఒకే ఇరుసు మీద గిరగిరా తిరిగేది. నిమిషానికి 600 నుంచి 3000 చుట్ల దాకా పోతుంది. ఒకచోట నిలిపితే వేడి పుడుతుంది, అంచుల దగ్గర పెయింటు ఊడుతుంది, అలవాటు లేని చేతిలో బానెట్ నిండా సుడులు సుడులుగా గీతలు మిగులుతాయి. డ్యూయల్ యాక్షన్, షాపుల్లో డీఏ అనేది, తిరుగుతూనే పక్కలకు ఊగుతుంది. ఆ ఊపు 8, 15, 21 మిల్లీమీటర్లని మెషీన్‌ను బట్టి ఉంటుంది. గట్టిగా ఒత్తితే తిరగడం ఆగి ఊగడమే మిగులుతుంది కాబట్టి నష్టం చేయడం కష్టం. నేర్చుకునేవారి చేతికి ఇదే తగినది. మూడోది అసలు పాలిషరే కాదు. వెల్డింగ్ షాపులో ఇనుము కోసే నాలుగంగుళాల గ్రైండర్‌కు ఉన్ని బఫ్ తగిలించి వాడేస్తుంటారు. అది నిమిషానికి 11,000 చుట్ల దగ్గర తిరిగే యంత్రం. కారు పెయింటు దగ్గరకు దాన్ని తేనే కూడదు. ఈ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు.

వేడికి వ్యాక్స్ ఇంకుతుందన్న మాట తరచుగా వినిపిస్తుంది కాబట్టి దాన్ని నిదానంగా పరిశీలించాలి. కార్నౌబా కరిగేది 82 నుంచి 86 డిగ్రీల సెల్సియస్ మధ్య. మెత్తటి ఫోమ్ ప్యాడ్ తగిలించిన డీఏను తక్కువ వేగంలో నడిపితే రేకు వేడి కొద్ది డిగ్రీలు మాత్రమే పెరుగుతుంది. కరిగే వేడి దరిదాపులకు అది రాదు. యాక్సిడెంట్ బండికి వేసిన కొత్త పెయింటును ఓవెన్‌లో ఆరబెట్టేదే 60 డిగ్రీల దగ్గర. వ్యాక్స్ కరిగేంత వేడిని మెషీన్ పుట్టిస్తే పెయింటుకే ముప్పు. పైగా గట్టిపడిన క్లియర్‌లో మైనం దూరిపోయే రంధ్రాలు ఉండవు. అది పైనే అంటుకుని ఉంటుంది. ద్రావకం ఆరడానికి కొంచెం సమయం ఇవ్వడమే దానికి కావాల్సింది. ఇంకుడు సిద్ధాంతాన్ని ఇక పక్కన పెట్టవచ్చు.

సమంగా పరుచుకోవడం మాత్రం నిజమైన లాభం. వేలి ఒత్తిడి ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. ఐదారంగుళాల ప్యాడ్ ఒత్తిడి అంతటా ఒకటే. ద్రవంగా ఉండే వ్యాక్స్‌ను డీఏతో పట్టిస్తే పలుచగా, ఖాళీ చోట్లు లేకుండా పరుచుకుంటుంది. పలుచగా ఉంటే తుడవడమూ తేలిక. టాపు, బానెట్, డిక్కీ మూత, తలుపుల నడుమ భాగం వంటి వెడల్పు చోట్ల సమయం కలిసొస్తుంది, ముఖ్యంగా ఇన్నోవా లాంటి పెద్ద బండికి. అయితే ఇప్పటి కార్ల మీద పదునైన మడతలు, మలుపులు, నల్ల ప్లాస్టిక్ అంచులు ఎక్కువ. ప్యాడ్ అక్కడ సరిగా కూర్చోదు. వ్యాక్స్ ప్లాస్టిక్ గరుకులో చిక్కుకుని తెల్లగా ఎండిపోతుంది, బ్రష్‌తో గీకినా పూర్తిగా పోదు. చేతి వేళ్లకు తెలిసే గరుకుదనం కూడా మెషీన్‌కు తెలియదు. ఆల్టో, వ్యాగన్ ఆర్ అంత బండికి మెషీన్ తీసి, ప్యాడ్ తగిలించి, పని అయ్యాక కడిగి ఆరేసే సమయం లెక్క వేస్తే మిగిలేది ఏమీ ఉండదు. డబ్బాలో గట్టిగా గడ్డకట్టి ఉండే పేస్ట్ వ్యాక్స్ అయితే చేత్తోనే మేలు. మెరుపు విషయానికొస్తే, కింద పాలిషింగ్ ఒకేలా జరిగి ఉంటే చేత్తో వేసిన పలుచని పొరకూ మెషీన్‌తో వేసిన పలుచని పొరకూ కంటికి తేడా తెలియడానికి కారణమే కనిపించదు.

ఇక్కడిదాకా చెప్పింది ఏ ఊరికైనా వర్తిస్తుంది. మన ఊరి సంగతి వేరు, దాని దగ్గర కాస్త ఆగాలి.

హైదరాబాద్ గ్రానైట్ మీద నిలిచిన ఊరు. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ భవనం గోడల్లో కనిపించే రాయి అదే. గ్రానైట్‌లో క్వార్ట్జ్ ఉంటుంది, ఖనిజాల కాఠిన్యాన్ని కొలిచే మోస్ కొలమానంలో దానిది 7. చాకు ఉక్కు కంటే గట్టిది. ఈ ఊళ్లో పునాది తవ్వినా, రోడ్డు తవ్వినా లేచే దుమ్ములో ఆ రేణువులు ఉంటాయి. ఇందిరాపార్క్ నుంచి వీఎస్‌టీ దాకా 2023 ఆగస్టులో తెరిచిన స్టీల్ బ్రిడ్జి పని సాగినన్నాళ్లూ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, బాగ్‌లింగంపల్లి వైపు ఆపిన బండ్లు ఎలా ఉండేవో అక్కడివాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆ దుమ్ముకు బస్సుల, లారీల బ్రేకుల నుంచి రాలే ఇనుప పొడి తోడవుతుంది. తెల్ల కార్ల మీద గోధుమరంగు చుక్కలుగా తేలేది అదే. ఈ పొర మీద ఏ ప్యాడ్ తిప్పినా, అది ఎంత మెత్తటిదైనా, ఎంత ఖరీదైన వ్యాక్స్ పూసినా, రాయితో రుద్దినట్టే. చేతి గుడ్డకూ ఇదే వర్తిస్తుంది, కాకపోతే చెయ్యి నిమిషానికి వేల సార్లు ఊగదు.

క్లియర్ మీద సాలెగూడులా కనిపించే గీతలకు మెషీన్ కంటే పెద్ద కారణం ఇంకొకటుంది. తార్నాక, హబ్సిగూడ, విద్యానగర్ అపార్ట్‌మెంట్లలో తెల్లవారుజామున బండ్లు తుడిచే మనుషులు వస్తారు. ఒక బకెట్, ఒక గుడ్డ, సెల్లార్‌లో వరసగా కార్లు. మొదటి కారుకే నీళ్లు బురదరంగుకు తిరుగుతాయి, ఆ నీళ్లతోనే మిగతావి. వాళ్లను తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. బండికి నెలకింతని మనం ఇచ్చే కొద్దిపాటి డబ్బుకు, సెల్లార్‌లో కుళాయి లేని చోట, అంతకంటే ఏం చేయగలరు? రెండో బకెట్, బండికొక మైక్రోఫైబర్ గుడ్డ, ఇంకొంత జీతం ఇస్తే ఏడాదికోసారి మెషీన్ పాలిష్‌కు పెట్టే ఖర్చు చాలావరకు మిగులుతుంది. రోజూ తుడవడం మాని వారానికి ఒకసారి నీళ్లు పోసి కడిగించడం ఇంకా మేలు.

నీళ్ల మాటకొస్తే బోరు నీళ్ల కాఠిన్యం ఇక్కడ అందరికీ తెలిసిందే. గీజర్‌లో, కుళాయి మూతిలో పేరుకునే తెల్ల పొరే బానెట్ మీద గుండ్రటి మచ్చలుగా మిగులుతుంది. వ్యాక్స్ వేసిన కారు మీద నీళ్లు ముత్యాల్లా నిలుస్తాయని మురిసిపోతాం. ఎండలో ఆరనిస్తే ఒక్కో ముత్యం ఒక్కో మచ్చ అవుతుంది. వ్యాక్స్ ఈ మచ్చల్ని ఆపదు, తేలిగ్గా వదిలేలా చేస్తుంది, అంతవరకే. కడిగిన వెంటనే తుడవడం తప్ప మందు లేదు. మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్లతో కార్లు కడగమని సలహా ఇవ్వడానికి కూడా మనసొప్పదు. పక్కనే ఉన్న బెంగళూరులో 2024 మార్చిలో తాగునీటితో కార్లు కడిగితే 5,000 రూపాయల జరిమానా అన్నారు. ఆ రోజు మనకు రాదన్న భరోసా ఏమీ లేదు.

ఉస్మానియా క్యాంపస్‌లో ఇబ్బంది ఇంకో రకం. నీడ కోసం చెట్టు కింద ఆపక తప్పదు. వేప, కానుగ, నిద్రగన్నేరు చెట్ల మీద వాలే పురుగుల నుంచి జిగురు తుంపరలా రాలుతుంది, పిట్టల రెట్టలు పడతాయి. మే నెలలో నలభై డిగ్రీలు దాటిన ఎండకు ముదురు రంగు బానెట్ చెయ్యి పెట్టలేనంతగా కాలుతుంది. ఆ వేడికి క్లియర్ కాస్త మెత్తబడి వ్యాకోచిస్తుంది, రెట్ట ఎండి బిగుస్తుంది, రాత్రికి క్లియర్ చల్లబడి దాని చుట్టూ కుదించుకుంటుంది. తీసేశాక మసక మచ్చ మిగిలేది అందుకే. వ్యాక్స్ పొర ఉంటే కొన్ని గంటలు అదనంగా దొరుకుతాయి, అంతకుమించి ఆశించకూడదు. ఈ ఎండలో కార్నౌబా పొర ఆరు వారాలు నిలిస్తే గొప్ప. అందుకే ఇక్కడ మెషీన్‌తో అట్టహాసంగా ఏడాదికోసారి వేయించే వ్యాక్స్ కంటే, రెండు నెలలకోసారి ఇంట్లో నీడన చేత్తో పూసుకునేది ఎక్కువ పనికొస్తుందని గట్టిగా చెబుతున్నాను. వానలకు ముందు ఒకటి, దసరాకు ముందు ఒకటి తప్పనిసరి. ఆయుధపూజనాడు బానెట్ మీద పెట్టే పసుపు కుంకుమలు వ్యాక్స్ పొర మీద ఉంటే మర్నాడు తడి గుడ్డకు వచ్చేస్తాయి. పసుపు రంగు ఎండకు ఎలాగూ వెలిసిపోతుంది, కుంకుమతోనే జాగ్రత్త.

అయినా మెషీన్‌తోనే వేస్తామంటే పద్ధతి కష్టమేమీ కాదు. బండి బాగా కడిగి, బంకమన్ను ముద్ద లాంటి క్లే బార్‌తో ఇనుప పొడి, చెట్ల జిగురు తీసేసి, నీడలో రేకు చల్లబడేదాకా ఆగాలి. డీఏకు మెత్తటి ఫినిషింగ్ ఫోమ్ ప్యాడ్ తగిలించాలి. అది కొత్తదో, వ్యాక్స్‌కే కేటాయించినదో అయి ఉండాలి, కంపౌండ్ అంటిన ప్యాడ్ ఎంత కడిగినా ఈ పనికి రాదు. ప్యాడ్ మీద మూడు నాలుగు చుక్కలు చాలు. మెషీన్‌ను పెయింటు మీద ఆనించాకే స్విచ్ వేయాలి, లేకపోతే గోడలకు కూడా వ్యాక్స్ అవుతుంది. ఆరు గీతల డయల్‌లో రెండు, మహా అయితే మూడు. మెషీన్ బరువే ఒత్తిడి, చెయ్యి దాన్ని నడిపించడానికి మాత్రమే. ఆరిందో లేదో వేలితో గీసి చూడాలి. శుభ్రంగా గీత పడితే తుడవడానికి సిద్ధం, జిడ్డుగా సాగితే ఇంకా ఆగాలి. తుడవడం చేత్తోనే, మైక్రోఫైబర్ గుడ్డతోనే. గ్యారేజీల్లో దొరికే బనియన్ వేస్ట్ దగ్గరకు రానివ్వకూడదు. గుడ్డ కింద పడితే మళ్లీ ఎత్తి వాడకూడదు.

ఇంత రాశాక మెషీన్ పట్టుకునే కుర్రాళ్ల గురించి చెప్పకపోతే అన్యాయం. రోజంతా పాలిషర్ పట్టుకుంటే చేతులు తిమ్మిరెక్కుతాయి, ఏళ్లు గడిచేకొద్దీ వేళ్లలో స్పర్శ తగ్గే జబ్బు రావచ్చు. యూరప్‌లో 2002 నాటి ఆదేశం ప్రకారం చేతికి తగిలే కంపనం ఎనిమిది గంటల సగటున సెకనుకు సెకనుకు 2.5 మీటర్లు దాటితే యజమాని చర్యలు తీసుకోవాలి, 5 మీటర్లు దాటనే కూడదు. మన వీధి షాపుల్లో ఆ లెక్క ఎవరూ అడగరు. గ్లౌజులు, ద్రావకం ఆవిరి పోయే గాలి, మధ్యమధ్య విరామం అయినా అడిగి ఇప్పించాలి. కంపనం తక్కువుండే మంచి మెషీన్ కొనడం కూడా ఆ కుర్రాడి ఆరోగ్యానికి పెట్టే ఖర్చే.

సిరామిక్, టెఫ్లాన్ పూతల గురించి ఒక్క మాట చాలు. సిలికా ఆధారంగా చేసే సిరామిక్ పూతను బాగా వేసేవాళ్లు చిన్న అప్లికేటర్‌తో చేత్తోనే వేస్తారు, అన్నిటికంటే ఖరీదైన పూతకే మెషీన్ అక్కర్లేదు. ‘టెఫ్లాన్’ పేరుతో అమ్మే పూత సంగతి అడిగేముందు ఒకటి గుర్తుంచుకోవాలి. టెఫ్లాన్ కరిగేది 327 డిగ్రీల దగ్గర, పెనానికి అది పట్టేది అంత వేడిలోనే. కారు పెయింటు మీద అది సాధ్యమయ్యే పని కాదు.

ఈ వాదనలో లోటు కొలతలదే. తార్నాకలోనే ఐఐసీటీ ఉంది, పాలిమర్లు, పూతల మీద అక్కడ దశాబ్దాలుగా పరిశోధన సాగుతోంది. పక్కనే ఉస్మానియా టెక్నాలజీ కాలేజీ ఉంది. ఒక బానెట్‌ను నడుమ టేపు అంటించి సగం చేత్తో, సగం డీఏతో ఒకే వ్యాక్స్ పూసి, గ్లోస్ మీటరుతో మెరుపూ, నీటి చుక్క నిలిచే కోణమూ వారం వారం కొలుస్తూ పోతే ఒక ఎండాకాలంలో ఈ ఊరికి సరిపడే జవాబు దొరుకుతుంది. పీజీ విద్యార్థి ప్రాజెక్టుకు తగిన పని, ఖర్చూ తక్కువే. అది జరిగేదాకా షాపుకు వెళ్లేవాళ్లు అడగవలసింది మెషీన్ ఉందా లేదా అని కాదు. ఏ డబ్బా వాడతారు, అందులో రాపిడి పొడి ఉందా, ఏ ప్యాడ్, పని మొదలుపెట్టక ముందు బానెట్ మీది పెయింటు మందం ఎన్ని మైక్రాన్లు, అయ్యాక ఎన్ని అని అడిగి, ఆ రెండు అంకెలూ బిల్లు మీద రాయించుకోవాలి. అసలైన ఫినిషింగ్ వ్యాక్స్ వేసి ఉంటే ఆ రెండూ ఒకటే ఉంటాయి.